ఏటీఎస్‌కు అర్థమయ్యేలా, రిక్రూటర్ కంటికి ఆనేలా రెజ్యూమే తయారు చేసుకోవడం ఎలా?

నౌకరీ డాట్ కామ్‌లోనో, కంపెనీ కెరీర్స్ పేజీలోనో ‘అప్లై’ నొక్కగానే మీ రెజ్యూమే నేరుగా హెచ్ఆర్ కళ్లముందుకు వెళ్లిపోదు. మధ్యలో ఏటీఎస్ ఉంటుంది, అంటే అప్లికెంట్ ట్రాకింగ్ సిస్టమ్. వర్క్‌డే, గ్రీన్‌హౌస్, ఒరాకిల్ టేలియో, జోహో రిక్రూట్ ఈ కోవలోవే. హైదరాబాద్‌లో పుట్టిన డార్విన్‌బాక్స్, కేకా లాంటి హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్లలోనూ నియామకాలకు ఇలాంటి విభాగమే ఉంటుంది. ఇవి మీ ఫైల్లోంచి అక్షరాలను బయటికి లాగి పేరు, ఫోన్, కంపెనీలు, తేదీలు, చదువు, స్కిల్స్ అంటూ గడుల్లో సర్దుతాయి. రిక్రూటర్ ఆ గడుల్లో వెతుక్కుని, దొరికినవాళ్ల రెజ్యూమేలు మాత్రమే తెరుస్తారు.

‘నూటికి 75 రెజ్యూమేలను ఏటీఎస్ చెత్తబుట్టలో వేస్తుంది’ అని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటుంది. ఆ లెక్క ఏ అధ్యయనంలోదో పంచుకునేవాళ్లెవరూ చెప్పరు. ఫార్మాట్ నచ్చలేదని యంత్రం తిప్పికొట్టడం మామూలుగా జరగదు. జరిగేది ఇంకోటి: మీ జావా అనుభవం జావా గడిలో పడకపోతే జావా కోసం వెతికినప్పుడు మీరు కనిపించరు. కాబట్టి యంత్రాన్ని బోల్తా కొట్టించే చిట్కాలు పక్కన పెట్టండి. దానికి తడబాటు లేకుండా చదవగలిగే కాగితం ఇస్తే చాలు. అదే కాగితం మనిషికీ సుఖంగా ఉంటుంది.

1. ఉన్న రెజ్యూమేని ముందు నోట్‌ప్యాడ్‌లో చూడండి

కొత్తది మొదలుపెట్టే ముందు పాతదాన్ని పరీక్షించాలి. పీడీఎఫ్ తెరిచి, కంట్రోల్-ఏ, కంట్రోల్-సీ కొట్టి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. యంత్రానికి అందేది దాదాపు అదే.

అసలు అక్షరాలే సెలెక్ట్ కాకపోతే మీ రెజ్యూమే ఒక బొమ్మ. ఫోన్‌తో స్కాన్ చేసినవి ఇలాగే ఉంటాయి. కాన్వాలో డౌన్‌లోడ్ చేసేటప్పుడు ‘ఫ్లాటెన్ పీడీఎఫ్’ టిక్ పెట్టినా ఇదే గతి.

రెండు కాలమ్‌ల టెంప్లేట్ అయితే ‘సెలీనియం సాఫ్ట్‌వేర్ టెస్టర్ పోస్ట్‌మ్యాన్ జూన్ 2021 ఎస్‌క్యూఎల్ మాదాపూర్, హైదరాబాద్’ అంటూ ఎడమ పక్క స్కిల్స్, కుడి పక్క ఉద్యోగం ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి కనిపించవచ్చు. మనకు చూడగానే తెలుస్తుంది ఏది ఎక్కడిదో. పార్సర్‌కు, అంటే ఫైల్ చదివి గడుల్లో సర్దే ప్రోగ్రామ్‌కు, తెలియదు.

ఇంకో వింత మన రెజ్యూమేల్లోనే ఎక్కువ. ప్రతి పాయింట్ ముందూ వర్డ్‌లోని బాణం గుర్తో, టిక్ గుర్తో పెట్టడం మనవాళ్లకు కాలేజీ రోజుల నుంచీ అలవాటు. ఆ గుర్తులు వింగ్‌డింగ్స్ అనే ఫాంట్‌లోవి. ఆ ఫాంట్ పోయిందంటే బాణం కాస్తా అడ్డగీత కొట్టిన ఇంగ్లిష్ ‘ఓ’ అక్షరంగా, టిక్ కాస్తా నెత్తిన రెండు చుక్కలున్న ‘యు’గా మారిపోతుంది. నోట్‌ప్యాడ్‌లో అవి వరసగా కనిపిస్తే ఆశ్చర్యపోకండి. మామూలు నల్ల చుక్క బుల్లెట్ పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

లేటెక్ అనే డాక్యుమెంట్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో చేసిన రెజ్యూమేల జబ్బు వేరు. ‘ఎఫ్’, ‘ఐ’ అక్షరాలు పక్కపక్కన వస్తే రెంటినీ కలిపి ఒకే ఆకారంగా అచ్చు వేస్తుంది. కాపీ చేసినప్పుడు ఒక్కోసారి ఆ జంట ఎగిరిపోయి ‘సర్టిఫైడ్’ అనే మాట మధ్యలో గుంట పడుతుంది. పేస్ట్ చేసిన దాంట్లో సర్టిఫికేషన్ల వరస ఒకసారి వెతికి చూసుకోండి.

2. ఖాళీ పేజీతో మొదలుపెట్టండి

పాత టెంప్లేట్‌కు మాట్లు వేయడం కంటే వర్డ్‌లోనో, గూగుల్ డాక్స్‌లోనో ఖాళీ పేజీ తెరవడం తేలిక. ఒకే కాలమ్. టేబుల్స్ వద్దు, టెక్స్ట్ బాక్సులు వద్దు. కొత్త పార్సర్లు టేబుల్‌ని చాలావరకు చదువుతాయి, పాతవి తికమకపడతాయి. మీ ఫైల్ దేని చేతిలో పడుతుందో మీకు ముందుగా తెలియదు కదా.

ఫాంట్ కాలిబ్రి, ఏరియల్ లాంటిది ఏదైనా ఒకటి. మామూలు రాత 10.5 లేదా 11 పాయింట్లు, హెడ్డింగులు 13, పేరు 18 దాకా. నాలుగు వైపులా రెండు సెంటీమీటర్ల మార్జిన్. పేజీ చుట్టూ గీసే బోర్డర్, పైన మధ్యలో అండర్‌లైన్ చేసిన ‘కరికులం వీటే’ తీసేయండి. అది రెజ్యూమే అని అందరికీ తెలుసు.

హెడ్డింగులకు అందరూ వాడే పేర్లే పెట్టండి: సమ్మరీ, వర్క్ ఎక్స్‌పీరియన్స్, స్కిల్స్, ప్రాజెక్ట్స్, ఎడ్యుకేషన్, సర్టిఫికేషన్స్. ‘మై జర్నీ సో ఫార్’ అని రాస్తే అది అనుభవం తాలూకు విభాగమని యంత్రం పోల్చుకోలేకపోవచ్చు. రిక్రూటర్‌కు కూడా కవిత్వం అక్కర్లేదు.

ఎంత పొడవు? ఫ్రెషర్‌కు ఒక పేజీ. ఎనిమిదేళ్లు, పదేళ్ల అనుభవం ఉన్నా రెండు పేజీలు దాటకుండా చూసుకోండి.

3. పేరు దగ్గర తెలుగువాళ్లకు అసలు చిక్కు

ఇంటిపేరు ముందు రాసే అలవాటు మనది. పైగా ఇంటిపేరుకూ, మధ్య పేర్లకూ పొడి అక్షరాలు. ‘పి.వి.ఎస్. లక్ష్మి’ అని రాస్తే పార్సర్ ఏం చేస్తుంది? మొదటి మాట ఫస్ట్ నేమ్, చివరి మాట లాస్ట్ నేమ్ అనే లెక్కలో ‘పి’ని పేరుగా, ‘లక్ష్మి’ని ఇంటిపేరుగా తీసుకోవచ్చు. ఆ తర్వాత వచ్చే మెయిల్ ‘డియర్ పి’ అని మొదలవుతుంది. నవ్వు తెప్పించినా ఇది ఉత్తుత్తి చిక్కు కాదు. టెన్త్ మెమోలో ఒక తీరు, పాన్ కార్డులో ఇంకో తీరు, రెజ్యూమేలో మూడో తీరు ఉంటే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతారు.

ఇలా చేయండి. పేరు ముందు, ఇంటిపేరు చివర, పొడి అక్షరాలు లేకుండా పూర్తిగా రాయండి. పాస్‌పోర్ట్ ఉంటే అందులో ‘గివెన్ నేమ్’, ‘సర్‌నేమ్’ గడుల్లో ఎలా ఉందో అదే ప్రమాణం. వ్యవహార నామం వేరే ఉంటే దాన్ని రెజ్యూమేలోకి తేకండి, లింక్డ్‌ఇన్‌లో పెట్టుకోవచ్చు. పేరు మరీ పొడవైతే మధ్య పేర్లు వదిలేసి అసలు పేరు, ఇంటిపేరు ఉంచండి. అప్లికేషన్ ఫారంలో మాత్రం ‘లీగల్ నేమ్’ అని అడిగిన చోట పూర్తి పేరు ఇవ్వాలి.

పేరు కింద ఒకే వరసలో ఫోన్, మెయిల్, ఊరు, లింక్డ్‌ఇన్. ఫోన్ ముందు +91 పెట్టి, పది అంకెలూ కలిపి రాయండి. ఫోన్ బొమ్మ, కవర్ బొమ్మ లాంటి ఐకాన్లు పెడితే టెక్స్ట్‌లో అవి పిచ్చి గుర్తులవుతాయి. ముఖ్యంగా ఈ వరసను వర్డ్ ‘హెడర్’లో పెట్టొద్దు. హెడర్, ఫుటర్ చదవకుండా వదిలేసే పార్సర్లు ఉన్నాయి. రెజ్యూమే అంతా బాగుండి ఫోన్ నంబరు గడి ఖాళీగా ఉంటే మిమ్మల్ని పిలిచేదెలా? మెయిల్ ఐడీలో హీరో పేరు, 143 అంకె ఉంటే ఇవాళే కొత్తది తెరవండి.

డోర్ నంబర్‌తో సహా పూర్తి చిరునామా అక్కర్లేదు. ‘హైదరాబాద్’ లేదా ‘విజయవాడ, హైదరాబాద్‌కు మారడానికి సిద్ధం’ అంటే చాలు. రిక్రూటర్లు ఊరిని బట్టి వడపోస్తారు.

4. పేజీలో పై మూడో వంతు మనిషి కోసం

లాడర్స్ అనే అమెరికా ఉద్యోగాల వెబ్‌సైట్ రిక్రూటర్ల కంటి కదలికలను కొలిచి, ఒక రెజ్యూమేపై వాళ్ల తొలిచూపు సుమారు 6 సెకన్లని 2012లో చెప్పింది. 2018లో మళ్లీ కొలిస్తే 7.4 సెకన్లు వచ్చింది. ఆ కాసేపట్లో చూపు పైభాగంలోనే తిరుగుతుంది: ఇప్పుడు ఏం చేస్తున్నారు, ఎక్కడ, ఎన్నాళ్లుగా.

అలాంటి చోట ‘నా నైపుణ్యాలను పెంచుకుంటూ సంస్థ ఎదుగుదలకు తోడ్పడే సవాళ్లతో కూడిన ఉద్యోగం...’ అనే కెరీర్ ఆబ్జెక్టివ్ దండగ. సీనియర్ల ఫైల్లోంచి జూనియర్లకు కాపీ అవుతూ వస్తున్న ఆ వాక్యాన్ని చదివే రిక్రూటర్ ఉంటారని నేననుకోను. దాని బదులు మూడు వరసల సమ్మరీ రాయండి. మాన్యువల్ టెస్టింగ్ నుంచి ఆటోమేషన్‌లోకి మారాలనుకునే మూడేళ్ల టెస్టర్ అయితే ఇలా: ‘బ్యాంకింగ్ వెబ్ అప్లికేషన్లలో 3 ఏళ్ల అనుభవం ఉన్న క్యూఏ ఇంజనీర్. ఏడాదిగా సెలీనియం, జావాతో ఆటోమేషన్, పోస్ట్‌మ్యాన్‌తో ఏపీఐ టెస్టింగ్. నోటీస్ పీరియడ్ 60 రోజులు.’

నోటీస్ పీరియడ్ (రాజీనామా చేశాక పనిచేయాల్సిన రోజులు) రెజ్యూమేలో ఉండాలా అని కొందరు వాదిస్తారు. 90 రోజుల నోటీసు మామూలైపోయిన మన ఐటీ రంగంలో రిక్రూటర్ ఫోన్లో మొదట అడిగే రెండు మూడు ప్రశ్నల్లో ఇదొకటి. మీది 30 రోజులో, ఇప్పటికే నోటీసులో ఉన్నారో అయితే పైనే రాయండి, అది మీకు బలం. 90 అయితే ఫోన్లో చెప్పొచ్చు. జీతం సంగతి మాత్రం రెజ్యూమేలో ఎక్కడా వద్దు.

5. అనుభవం: కంపెనీ ముందు, క్లయింట్ తర్వాత

తాజా ఉద్యోగం పైన, పాతవి కింద. ప్రతి ఉద్యోగానికీ కంపెనీ పేరు, హోదా, ఊరు, తేదీలు ఒకే క్రమంలో రావాలి. వేరే సంస్థలకు (క్లయింట్లకు) పనిచేసిపెట్టే సర్వీస్ కంపెనీల్లో ఉన్నవాళ్లు క్లయింట్ బ్యాంకు పేరును పెద్ద అక్షరాల్లో పైన పెట్టి, జీతమిచ్చే కంపెనీని కింద ఎక్కడో రాస్తారు. యంత్రం క్లయింట్‌నే యజమాని అనుకుంటుంది. రేపు వెరిఫికేషన్‌లో ఆ బ్యాంకు ‘ఈ మనిషి మా ఉద్యోగి కాదు’ అంటుంది, అది నిజమే మరి. కంపెనీ పేరు బోల్డ్‌లో పైన, కింద మామూలు అక్షరాల్లో ‘క్లయింట్: అమెరికాలోని రిటైల్ బ్యాంకు’. పేరు బయటపెట్టకూడదనే ఒప్పందం ఉంటే ఈ పద్ధతి ఇంకా మంచిది.

తేదీల్లో నెల ఉండాలి. ‘2021–24’ అని రాస్తే అది రెండేళ్లా, మూడున్నరేళ్లా? అనుభవాన్ని లెక్కగట్టే యంత్రానికీ తెలియదు, మనిషికీ అనుమానం వస్తుంది. ‘జూన్ 2021 – మార్చి 2024’ అని రాసి, అన్నిచోట్లా అదే తీరు పాటించండి. ఆ నెలలు రిలీవింగ్ లెటర్‌తో సరిపోవాలి. ఈపీఎఫ్‌వో (ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ) పోర్టల్‌లో మీ పీఎఫ్ నంబరైన యూఏఎన్‌తో లాగిన్ అయితే సర్వీస్ హిస్టరీలో ఏ కంపెనీలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో కనిపిస్తుంది. కంపెనీలు పోల్చి చూసేది దాంతోనే. మీరూ ఒకసారి చూసుకుని రాయండి. ఆరు నెలల ఖాళీని దాచడానికి తేదీలు సాగదీసేవాళ్లు చాలావరకు దొరికిపోయేది అక్కడే. ఖాళీ ఉంటే ‘ఇంట్లో వైద్య కారణాలు’ అనో, ‘ఆటోమేషన్ కోర్సు’ అనో ఒక వరస రాస్తే సరిపోతుంది.

ఇక బుల్లెట్లు. ‘రెగ్రెషన్ టెస్టింగ్‌కు బాధ్యత వహించాను’ అనేది మీ హోదాలోనే ఉంది, కొత్తగా చెప్పిందేమీ లేదు. ఏం చేశారు, దేనితో చేశారు, ఏం మారింది అనే మూడింటినీ ఒక వాక్యంలోకి తేవాలి. అదే టెస్టర్ ఇలా రాయొచ్చు: ‘240 రెగ్రెషన్ కేసులను సెలీనియం, జావాతో ఆటోమేట్ చేశాను, రెండు రోజులు పట్టే పని నాలుగు గంటలకు తగ్గింది.’ అంకె దొరకని పనులూ ఉంటాయి. అప్పుడు ఎంతమంది టీమ్, ఎన్ని మాడ్యూళ్లు, ఎన్ని వారాలకో రిలీజ్ అనే విస్తృతి చెప్పండి. లేని అంకె పుట్టించొద్దు. ఇంటర్వ్యూలో ‘240 ఎలా లెక్కపెట్టారు?’ అంటే తడుముకోకూడదు.

తాజా ఉద్యోగానికి ఐదారు బుల్లెట్లు, దాని ముందుదానికి మూడు, అంతకు ముందువాటికి ఒకటో రెండో.

6. కీవర్డులు జేడీ (జాబ్ డిస్క్రిప్షన్) లోంచే తీసుకోండి

రిక్రూటర్ వెతికే తీరు ఇది: సెలీనియం ఉండాలి, జావా ఉండాలి, ఏపీఐ గానీ పోస్ట్‌మ్యాన్ గానీ ఉండాలి, అనుభవం 3 నుంచి 5 ఏళ్లు, హైదరాబాద్. మీకు ఈ పనులన్నీ వచ్చినా ‘ఆటోమేషన్ టూల్స్’ అని ఒక్క మాటలో సరిపెడితే ఈ వలకు చిక్కరు.

జాబ్ డిస్క్రిప్షన్ ముందు పెట్టుకుని, అందులో మీకు నిజంగా వచ్చిన ప్రతి టూల్ పేరునూ గుర్తుపెట్టండి. వాళ్లు రాసిన స్పెల్లింగ్‌నే వాడండి. పొట్టి పేరు, పూర్తి పేరు రెండూ ఉన్న వాటికి రెండూ ఒక్కోసారైనా రాయండి: ‘సీఐ/సీడీ’ అని ఒకచోట, ‘కంటిన్యువస్ ఇంటిగ్రేషన్/కంటిన్యువస్ డెలివరీ’ అని మరోచోట. స్కిల్స్ విభాగంలో లాంగ్వేజెస్, టూల్స్, డేటాబేసెస్ అని వరసకొకటి చొప్పున కామాలతో రాస్తే చాలు. జావా 80 శాతం, పైథాన్ 60 శాతం అంటూ గీతలు గీసే టెంప్లేట్లున్నాయి. ఆ 80 ఎవరు వేసిన మార్కులు? తీసేయండి.

ఒక టూల్ స్కిల్స్ జాబితాలో ఉంటే సరిపోదు, అనుభవంలోనో ప్రాజెక్టులోనో కూడా కనిపించాలి. జాబితాలో మాత్రమే ఉన్నదాన్ని అనుభవమున్న రిక్రూటర్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్ కోర్సు ఖాతాలో వేసుకుంటారు.

తెల్ల కాగితంపై తెల్ల అక్షరాలతో కీవర్డులు కుక్కే చిట్కా ఇప్పటికీ చెబుతున్నారు. నోట్‌ప్యాడ్ పరీక్షలో చూశారుగా, టెక్స్ట్‌గా మారాక రంగు ఉండదు. మీరు దాచిన చిట్టా అంతా రిక్రూటర్ స్క్రీన్‌పై కనపడుతుంది.

7. చదువు

అనుభవం ఉన్నవాళ్లకు డిగ్రీ ఒక వరస చాలు. ఫ్రెషర్లు బీటెక్, ఇంటర్, టెన్త్ మూడూ మార్కులతో రాయాలి. మూడింట్లోనూ 60 శాతం అడిగే క్యాంపస్ డ్రైవులు ఎన్నో. సీజీపీఏను శాతంగా మార్చేటప్పుడు ఊరికే పదితో గుణించేయకండి, మీ యూనివర్సిటీ సూత్రం వాడండి. జేఎన్‌టీయూ హైదరాబాద్ పద్ధతిలో సీజీపీఏ నుంచి 0.5 తీసేసి 10తో గుణిస్తారు. 7.8 అంటే 73 శాతం, 78 కాదు. ఆ ఐదు శాతం తేడా ఆఫర్ వచ్చాక బయటపడితే తలనొప్పి.

ఫ్రెషర్లకు అనుభవం స్థానంలో ప్రాజెక్టులు పైకి రావాలి. నలుగురు కలిసి చేసిన మేజర్ ప్రాజెక్టులో మీరు రాసిన భాగమేదో చెప్పండి, గిట్‌హబ్ లింక్ ఇవ్వండి.

8. తీసేయాల్సినవి

తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లయిందా లేదా, మతం, పాస్‌పోర్ట్ నంబరు, హాబీలు, ‘పై వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు సత్యమని...’ అనే డిక్లరేషన్, దాని కింద ప్రదేశం, తేదీ, సంతకం. ఇవన్నీ సర్కారీ దరఖాస్తుల వాసన. ప్రైవేటు ఉద్యోగానికి అక్కర్లేదు. ఆధార్ నంబరు ఎట్టి పరిస్థితిలోనూ రాయొద్దు, మీ ఫైల్ ఎన్ని చేతులు మారుతుందో మీకు తెలియదు.

అమెరికాకు అప్లై చేస్తున్నవాళ్లు ఫొటో కూడా తీసేయాలి. వివక్ష ఆరోపణల భయంతో అక్కడి హెచ్ఆర్‌లు ఫొటో, వయసు ఉన్న రెజ్యూమే అంటేనే ఇబ్బంది పడతారు. పేజీ సైజు ఏ4 బదులు లెటర్ పెట్టుకోండి. గల్ఫ్‌లో మాత్రం జాతీయత, వీసా స్థితి, తరచూ ఫొటో కూడా అడుగుతారు. అక్కడికి విడిగా ఒక కాపీ ఉంచుకోండి.

9. సేవ్, అప్‌లోడ్

‘రెజ్యూమే_ఫైనల్_న్యూ2’ మీ లాప్‌టాప్‌లో ఉండాల్సిన పేరు. పంపేదానికి మీ పేరు, హోదా, అనుభవం ఉండాలి. అక్షరాలు సెలెక్ట్ అయ్యే పీడీఎఫ్ చాలాచోట్ల చెల్లుతుంది. పోర్టల్ వర్డ్ అడిగితే వర్డే ఇవ్వండి. మన కన్సల్టెన్సీలూ వర్డ్ ఫైలే అడుగుతాయి, మీ ఫోన్ నంబరు తీసేసి తమ లోగో పెట్టి కంపెనీకి పంపడానికి. అది వాళ్ల వ్యాపారం. నౌకరీలో ఫైల్ 2 ఎంబీ దాటకూడదు. బొమ్మలు లేని రెజ్యూమే అంతకు ఎంతో తక్కువలో ఉంటుంది.

వర్క్‌డే లాంటి చోట ఫైల్ పెట్టగానే ఫారం దానంతటదే నిండుతుంది. విసుగొచ్చి ‘నెక్స్ట్’ నొక్కేయకండి. ఖర్చు లేని పార్సర్ పరీక్ష అది. ఇంటిపేరు గడిలో ఏం పడింది, క్లయింట్ వచ్చి కంపెనీ గడిలో కూర్చుందా, ఏదైనా ఉద్యోగం ఎగిరిపోయిందా చూడండి. తప్పుంటే అక్కడ సరిచేసి, ఆ తర్వాత మీ అసలు ఫైల్లో కూడా సరిచేయండి.

చివర్లో వచ్చే ప్రశ్నలు మరీ ముఖ్యం. ఎన్నేళ్ల అనుభవం, ఊరు మారతారా, వీసా స్పాన్సర్‌షిప్ కావాలా. మనిషి చూడకుండా రిజెక్ట్ అవడమంటూ ఉంటే చాలావరకు ఇక్కడే. ఓపీటీపై (అమెరికాలో చదువయ్యాక ఇచ్చే పని అనుమతిపై) ఉన్న విద్యార్థులు ‘ఇప్పుడు గానీ, ముందుముందు గానీ స్పాన్సర్‌షిప్ కావాలా?’ అనే ప్రశ్నను పూర్తిగా చదవాలి. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) చదివినవాళ్లకిచ్చే పొడిగింపుతో కలిపి 36 నెలలు చేతిలో ఉన్నా, ఆ తర్వాత హెచ్1బీ కావాలనుకుంటే ‘ముందుముందు’కు జవాబు అవుననే.

నౌకరీ ప్రొఫైల్ సంగతి వేరు. అక్కడ రిక్రూటర్లు రెజ్యూమే కంటే ముందు హెడ్‌లైన్, కీ స్కిల్స్ చూస్తారు; ఈమధ్య లాగిన్ అయినవాళ్లను మాత్రమే చూపించమనే ఫిల్టర్ కూడా వాడతారు. ఉద్యోగం వెతుకుతున్నన్నాళ్లూ తరచూ లాగిన్ అవుతూ, నోటీస్ పీరియడ్ గడిని సరిగ్గా ఉంచండి.

అప్లై చేసిన ప్రతి చోటా జేడీని పీడీఎఫ్‌గా దించుకుని, మీరు పంపిన రెజ్యూమే కాపీతో కలిపి కంపెనీ పేరున్న ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఫోన్ ఏ మూడు వారాలకో వస్తుంది. అప్పటికి పోర్టల్‌లో ఆ ప్రకటన తీసేసి ఉంటారు.